టీవో రికార్డరుకు జీవితకాల చందా: ఎవరికి గిట్టుతుంది, ఎవరికి గిట్టదు

అమెరికాలో ఏంటెనాతోనో కేబుల్‌తోనో టీవీ చూసే ఇళ్ళలో, కార్యక్రమాలను రికార్డు చేసుకుని తీరికగా చూసుకునే టీవో రికార్డరు పెట్టె ఉన్నవారికి మొదటి నుంచీ ఎదురవుతున్న ప్రశ్న ఒకటుంది. నెలనెలా చందా కట్టుకుంటూ పోవడం మేలా, లేక ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించి ఆ పెట్టె పనిచేసినన్నాళ్ళూ మళ్ళీ డబ్బు ఊసెత్తకుండా ఉండడం మేలా? 2025 అక్టోబరు 1 నుంచి టీవో సంస్థ తన రికార్డర్ల అమ్మకాన్ని ఆపివేసింది కాబట్టి ఇక ఈ ప్రశ్నతో పనిలేదని పైకి అనిపించవచ్చు. కానీ ఇప్పటికే పెట్టె కొనుక్కుని ఏటా చందా కడుతున్నవారు ఉన్నారు. జీవితకాల చందా ఎక్కి ఉన్న పాత పెట్టెల కోసం ఈబేలోనూ గరాజ్ సేళ్ళలోనూ వెతికేవారూ ఉన్నారు. కొత్త పెట్టె దుకాణంలో దొరకని రోజుల్లో వీరిద్దరూ మునుపటికంటే ఎక్కువ జాగ్రత్తగా నిర్ణయం తీసుకోవాలి. ఏంటెనా మీద పనిచేసే రోమియో ఓటీఏ పెట్టెను ఇంట్లో వాడుతూ, ఈ చందాల తీరును మొదటి నుంచీ గమనిస్తూ వచ్చిన అనుభవంతో నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. ఉన్న పెట్టెకు ఇప్పుడు కొత్తగా జీవితకాల చందా కట్టడం చాలామందికి గిట్టదు. ఆ చందా ఇప్పటికే ఎక్కి ఉన్న పాత ఏంటెనా పెట్టెను తగిన ధరకు కొనుక్కోవడం మాత్రం ఇప్పటికీ మంచి బేరమే.

అసలు ఈ చందా దేనికో ముందు తెలియాలి. ఏంటెనా మీద వచ్చే చానెళ్ళు ఉచితం, కేబుల్ చానెళ్ళకు కేబుల్ వారికి వేరే కడుతూనే ఉంటాం, పెట్టె మన సొంతం; అలాంటప్పుడు టీవోకు మళ్ళీ డబ్బెందుకని కొత్తవారు అడగడం సహజం. టీవో అమ్మేది ముఖ్యంగా కార్యక్రమాల పట్టిక, దాని మీద ఆధారపడి నడిచే సాఫ్ట్‌వేరు. ఏ చానెల్‌లో ఏ రోజు ఏ గంటకు ఏ కార్యక్రమం వస్తుందో, అది కొత్త భాగమో పాతదే మళ్ళీ వేస్తున్నారో, ఎంతసేపు నడుస్తుందో తెలిపే ఆ సమాచారాన్ని పెట్టె ప్రతిరోజూ సంస్థ సర్వరు నుంచి తెచ్చుకుని, దాదాపు రెండు వారాలకు సరిపడా నిల్వ ఉంచుకుంటుంది. 1999లో వచ్చిన తొలి పెట్టెలు ఫోన్ తీగ మీద మోడెంతో తెచ్చుకునేవి, ఇప్పటివి ఇంటర్నెట్ మీద తెచ్చుకుంటాయి. ఆ పట్టిక ఆగిపోతే రికార్డరు రికార్డరుగా పనికిరాదు. చందా లేని టీవో పెట్టె కార్యక్రమాలను రికార్డు చేయదు. అందువల్ల చందా ధరను పెట్టె ధరలో భాగంగానే లెక్కించుకోవాలి.

ఆ డబ్బుకు దొరికే సౌకర్యం నిజంగా బాగుంటుంది, ఆ మాట నిండు మనసుతో చెబుతాను. వేరుశెనగ కాయలా నడుము దగ్గర సన్నబడి చేతిలో ఇమిడిపోయే రిమోట్, చీకట్లో చూడకుండానే వేలికి అందే పెద్ద పాజ్ మీట, నచ్చితే నొక్కడానికి పైకి చూపే బొటనవేలు, నచ్చకపోతే కిందికి చూపే బొటనవేలు, నొక్కిన ప్రతిసారీ వినిపించే చిన్న శబ్దం, వీటన్నిటినీ జిమ్ బార్టన్, మైక్ రామ్సే 1997లో స్థాపించిన ఆ సంస్థ తొలి తరం నుంచే శ్రద్ధగా తీర్చిదిద్దింది. ఒక ధారావాహిక పేరు ఒక్కసారి చెబితే చాలు, దాని సమయం మారినా, వారం తప్పి వచ్చినా వెతికి పట్టి రికార్డు చేస్తుంది. వేగంగా ముందుకు నడిపి ప్రకటన అయిపోగానే ఆపితే, మన చేయి కాస్త ఆలస్యంగా కదిలి ఉంటుందని ఊహించి తనంతట తానే కొద్దిగా వెనక్కి వచ్చి నిలబడుతుంది. ఈ ఒక్క లక్షణం అలవాటైనవారికి మరో సంస్థ రికార్డరు చేతికిస్తే ఇబ్బందిగా అనిపించడం నేను చాలా ఇళ్ళలో చూశాను. 2015లో బోల్ట్ పెట్టెతో వచ్చిన స్కిప్‌మోడ్ అయితే పెద్ద జాతీయ చానెళ్ళ సాయంకాలపు కార్యక్రమాల్లో ప్రకటనల మొత్తాన్ని ఒక్క మీటతో దాటిస్తుంది. చందా గిట్టుతుందా లేదా అని లెక్కలు వేసేటప్పుడు ఈ వాడుక సుఖాన్ని పక్కన పెట్టకూడదు, ఎందుకంటే పెట్టెను రోజూ వాడే ఇంటికీ, వారానికోసారి తాకే ఇంటికీ ఒకే లెక్క వర్తించదు.

జీవితకాలం అన్న మాట దగ్గర జాగ్రత్తపడాలి. టీవో నిబంధనల ప్రకారం అది చందాదారుడి జీవితకాలం కాదు, పెట్టె జీవితకాలం. ప్రతి పెట్టెకూ ఒక సేవా సంఖ్య ఉంటుంది. చందా ఆ సంఖ్యకే అతుక్కుని ఉంటుంది. పెట్టెను మరొకరికి అమ్మితే చందా కూడా పెట్టెతోపాటు వెళ్ళిపోతుంది. పెట్టె పాడైతే, వారంటీలో మార్చి ఇచ్చిన సందర్భంలో తప్ప, చందాను మరో పెట్టెకు మార్చుకునే హక్కు ఉండదు. కొన్ని సందర్భాల్లో పాత చందాదారులను కొత్త తరం పెట్టెకు రప్పించడానికి సంస్థ రాయితీలు ఇచ్చిన మాట నిజమే గానీ, అవి సంస్థ అవసరాన్ని బట్టి వచ్చినవి, అడిగి పుచ్చుకునేవి కావు. అందువల్ల ఒక జీవితకాల చందా కొనడమంటే ఆ ఒక్క సర్క్యూట్ బోర్డు ఎన్నాళ్ళు బతుకుతుందో, దానికి పట్టిక అందించే సంస్థ ఎన్నాళ్ళు నిలబడుతుందో, దానికి అర్థమయ్యే ప్రసారం ఎన్నాళ్ళు గాలిలోనో తీగలోనో ఉంటుందో, ఈ మూడింటి మీదా ఒకేసారి డబ్బు పెట్టడమన్నమాట. మూడింటిలో ఏది ముందు ఆగితే చందా ఆనాటితోనే సరి.

ఇక ధరలు. 1999లో నెల చందా 9.95 డాలర్లు, జీవితకాల చందా 199 డాలర్లు. అంటే సరిగ్గా ఇరవై నెలలకు పెట్టిన డబ్బు తిరిగొచ్చేది. 2000ల మధ్యనాటికి నెలకు 12.95, జీవితకాలానికి 299 అయ్యాయి. అసలు రాబట్టుకోవడానికి ఇరవై నాలుగో నెల దాకా ఆగాలి. 2006లో కొంతకాలం జీవితకాల చందా అమ్మకాన్నే నిలిపివేసి, తరువాత మళ్ళీ తెచ్చారు. 2019లో వచ్చిన కేబుల్ ఎడ్జ్ పెట్టెకు నెలకు 14.99, ఏడాదికి 149.99, జీవితకాలానికి 549.99 డాలర్లు. ఏంటెనా ఎడ్జ్‌కు నెలకు 6.99, ఏడాదికి 69.99, జీవితకాలానికి 249.99. నెల చొప్పున లెక్కిస్తే కేబుల్ పెట్టెకు ముప్పై ఏడో నెలలో, ఏంటెనా పెట్టెకు ముప్పై ఆరో నెలలో జీవితకాల చందా ముందంజ వేస్తుంది. అయితే నెల చొప్పున కట్టే ఆలోచన ఉన్నవారు ఏడాది చందాతో పోల్చుకోవడమే న్యాయం. ఏడాది చందాను ముందుగానే కడతాం కాబట్టి, మూడు సార్లు కట్టినంతవరకూ ఏడాది చందాయే చౌక. నాలుగో ఏడాది మొదట్లో కట్టే నాలుగో చందాతో కేబుల్ పెట్టెకు 599.96, ఏంటెనా పెట్టెకు 279.96 డాలర్లు అవుతాయి కాబట్టి అక్కడి నుంచే జీవితకాల చందా లాభంలోకి వస్తుంది. ముందే కట్టిన మొత్తం మీద బ్యాంకు వడ్డీ పోతుంది కదా అని కొందరు అంటారు. నాలుగు శాతం వడ్డీ వేసినా లెక్క కొద్ది నెలలే అటూ ఇటూ అవుతుంది, తేలేది మాత్రం మారదు.

ఈ ధరల వరుసలో గమనించవలసింది మరొకటి ఉంది. ఇరవై నెలల్లో రాబట్టుకోగలిగిన చందా మూడేళ్ళు దాటితే తప్ప గిట్టని చందాగా మారింది. పెట్టెలు తాను అనుకున్నదానికంటే ఎక్కువ కాలం బతుకుతున్నాయని సంస్థకు అనుభవం మీద తెలిసి ధర పెంచుకుంటూ పోయిందని నేను అనుకుంటున్నాను. ఇలా అనుకోవడానికి ఆధారం సంస్థ వార్షిక నివేదికల్లోనే ఉంది. జీవితకాల చందాగా వచ్చిన డబ్బును ఒకే ఏడాది ఆదాయంగా చూపకూడదు కాబట్టి, ఒక చందా సగటున ఎంతకాలం సాగుతుందో అంచనా వేసి అన్నేళ్ళకు పంచి చూపేవారు. మొదట్లో ఆ అంచనా నాలుగేళ్ళు. తరువాత దాన్ని నాలుగున్నరేళ్ళకూ, ఆపైన ఐదేళ్ళకూ పెంచారు. గడువు దాటిన తరువాత కూడా వాడుకలోనే ఉన్న జీవితకాల చందాలు చాలానే ఉన్నాయని ఆ నివేదికలే చెప్పాయి. కొనేవారికి ఇంతకంటే నికరమైన సమాచారం దొరకదు. అమ్మినవారే ఐదేళ్ళ సగటు వేసుకున్నప్పుడు, ఆ రోజుల్లో రెండేళ్ళలో అసలు తిరిగొచ్చే చందా కొన్నవారు నిస్సందేహంగా బాగుపడ్డారు.

ఇప్పుడు మూడు ఆయుష్షుల సంగతి. పెట్టె ఆయుష్షు వీటిలో మన చేతిలో ఎక్కువగా ఉన్నది. రికార్డరులో ముందుగా అరిగిపోయే భాగం హార్డ్ డిస్కు, ఎందుకంటే మనం చూడకపోయినా ఆ డిస్కు రాత్రింబవళ్ళు తిరుగుతూ, ట్యూనరు, అంటే ప్రసారాన్ని అందుకునే భాగం, పట్టిన చానెల్‌ను రాస్తూ చెరిపేస్తూ ఉంటుంది. సంతోషించదగ్గ సంగతి ఏమిటంటే చందా డిస్కుకు కాక బోర్డుకు అతుక్కుని ఉంటుంది, కాబట్టి డిస్కు మార్చినంత మాత్రాన చందా పోదు. ఇందులోనూ తరానికీ తరానికీ తేడా ఉంది. ప్రీమియర్, అంతకుముందు తరాల పెట్టెల్లో సాఫ్ట్‌వేరు డిస్కు మీదే ఉంటుంది కాబట్టి కొత్త డిస్కులోకి ముందుగా దాన్ని ఎక్కించుకోవాలి; అది తెలిసినవారు చేయవలసిన పని. రోమియో తరం నుంచి ఖాళీ డిస్కు పెడితే చాలు, పెట్టె దాన్ని గుర్తించి తానే సిద్ధం చేసుకుంటుంది. మా రోమియోలో ఎక్కువ నిల్వ కోసం నేను డిస్కు మార్చినప్పుడు పట్టిన సరంజామా అంతా ఒక టార్క్స్ స్క్రూడ్రైవరు, మూత అంచు ఎత్తడానికి ఒక పలుచని ప్లాస్టిక్ ముక్క, మామూలు మూడున్నర అంగుళాల డిస్కు. పెట్టె మళ్ళీ లేచాక పాత రికార్డింగులు మాత్రం ఉండవు, అవి పాత డిస్కుతోనే పోతాయి. జిప్ కోడు, చానెళ్ళ వరుస మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఏ పెద్ద డిస్కు పడితే అది పెట్టకూడదు, మామూలు రోమియో తనంతట తాను 3 టీబీ దాకానే తీసుకుంటుంది. బోల్ట్‌లో లాప్‌టాప్‌లలో వాడే రెండున్నర అంగుళాల డిస్కు ఉంటుంది. పగలూ రాత్రీ తిరిగే పనికి ఆ పరిమాణంలో నమ్మకమైన డిస్కులు దొరకడం కష్టం కాబట్టి, పాత పెట్టె కొనేటప్పుడు నేను బోల్ట్ కంటే రోమియోకే మొగ్గు చూపుతాను.

సంస్థ ఆయుష్షు, సేవ ఆయుష్షు మన చేతిలో లేనివి. బ్రిటన్ అనుభవం ఇందుకు పాఠంగా నిలుస్తుంది. 2000లో అక్కడ టీవో పెట్టెలు వచ్చాయి. 199 పౌండ్లకు జీవితకాల చందా కొన్నవారు 2011 జూన్ 1న సేవ నిలిచిపోయేదాకా వాడుకున్నారు. ఆ తరువాత కొందరు ఔత్సాహికులు స్వచ్ఛందంగా పట్టికను తయారుచేసి ఆ పెట్టెలను మరికొంతకాలం నడిపించారు. అమెరికాలో తొలి తరం పెట్టెలకు 2016 సెప్టెంబరు 29న సేవ ఆపేశారు; అప్పటికీ వాడుతున్న జీవితకాల చందాదారులకు పరిహారంగా 75 డాలర్ల కార్డు ఇచ్చారు. 1999లో 199 డాలర్లు పెట్టి, ఆనాటి దాకా వాడుకున్నవారి వైపు నుంచి చూస్తే, అదే కాలానికి నెలకు 9.95 చొప్పున లెక్కించినా రెండు వేల డాలర్లు దాటేవి. కాబట్టి సేవ ఆగిపోయిందని విన్నప్పుడు చందాదారులు మోసపోయారని వెంటనే అనుకోకూడదు. ఎప్పుడు కొన్నారు, ఎంతకాలం వాడారు అన్నదాన్ని బట్టే తీర్పు.

సేవ ఆగకపోయినా దాని తీరు మారవచ్చు, మారింది కూడా. 2016లో రోవీ సంస్థ టీవోను దాదాపు 110 కోట్ల డాలర్లకు కొన్న తరువాత, అంతవరకు గ్రేస్‌నోట్ అనే సంస్థ నుంచి వచ్చే పట్టిక స్థానంలో రోవీ సొంత పట్టిక వచ్చింది. చానెళ్ళ వివరాల్లో తప్పులు వస్తున్నాయని వాడకందారులు అప్పట్లో చాలా ఫిర్యాదులు చేశారు. 2019లో రికార్డు చేసుకున్న కార్యక్రమం మొదలయ్యే ముందు చిన్న ప్రకటన వేయడం ప్రారంభించారు, ఒకేసారి డబ్బంతా కట్టినవారి పెట్టెల్లో కూడా. ప్రకటనలను తప్పించుకోవడానికే ఈ పెట్టె కొన్నవారికి అది ఎంత బాధ కలిగించిందో నేను అర్థం చేసుకోగలను. నెల చందాదారుడికి ఇలాంటప్పుడు చందా మానేసే అవకాశం ఉంటుంది, జీవితకాల చందాదారుడికి ఉండదు. ముందుగా మొత్తం కట్టేసినవారు సంస్థ మీద తమకున్న ఒత్తిడిని కూడా వదులుకుంటారు. ధరల పట్టికలో కనిపించకపోయినా, దీన్ని నేను జీవితకాల చందాలోని అతి పెద్ద లోపంగా భావిస్తాను. 2020లో టీవో ఎక్స్‌పెరీ సంస్థలో కలిసింది. ఆ సంస్థ దృష్టి టీవీ సెట్లలో, కార్లలో నడిచే సాఫ్ట్‌వేరు మీదికి మళ్ళింది. ఉన్న పెట్టెలకు సేవ కొనసాగిస్తామని చెప్పినప్పటికీ, కొత్త పెట్టెలు అమ్మని సంస్థకు పాత జీవితకాల చందాల నుంచి ఇక రాబడి లేదు, పట్టిక తయారీ ఖర్చు మాత్రం ఉంది. ఈ పరిస్థితి మరో పదేళ్ళు సాగుతుందని లెక్కలు కట్టుకోవడం నాకు సబబుగా తోచదు.

మూడోది ప్రసారం ఆయుష్షు, చాలామంది ఆలోచించనిది ఇదే. 2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు ఆగిపోయినప్పుడు, ఏంటెనాకు కలిపి ఉన్న తొలి తరం పెట్టెలు చెక్కుచెదరకుండా ఉన్నా, చందా సజీవంగా ఉన్నా, డిజిటల్ ప్రసారాన్ని అనలాగ్‌గా మార్చే కన్వర్టరు పెట్టె తోడు లేకుండా పట్టడానికి వాటికి ఏమీ మిగల్లేదు. కేబుల్ పెట్టెలకు ఇదే పరిస్థితి మరో రూపంలో వచ్చింది. టీవో పెట్టె కేబుల్ చానెళ్ళను విప్పి చూపించాలంటే కేబుల్ వారు ఇచ్చే కేబుల్ కార్డు అందులో పెట్టాలి. ఆ కార్డులు తప్పనిసరిగా ఇవ్వాలన్న నిబంధనను అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2020 సెప్టెంబరులో తొలగించింది. ఆనాటి నుంచి కేబుల్ సంస్థలు క్రమంగా కొత్త కార్డులు ఇవ్వడం మానేస్తున్నాయి, చానెళ్ళను ఇంటర్నెట్ పద్ధతిలోకి మారుస్తున్నాయి. 549.99 డాలర్లు పెట్టిన చందా ఒక కేబుల్ సంస్థ పంపే ఒక్క ఉత్తరంతో పనికిరాకుండా పోయే స్థితి ఇది. కేబుల్ పెట్టెకు జీవితకాల చందా ఏ ధరకు వచ్చినా వద్దనే నా సలహా, చందా ఎక్కి ఉన్న పాత పెట్టె చవకగా దొరికినా సరే, మీ కేబుల్ వారు కార్డు ఇస్తారో లేదో నోటి మాటగా కాక స్పష్టంగా తేల్చుకోనిదే డబ్బు చేతులు మారకూడదు.

ఏంటెనా పరిస్థితి అంత దిగజారలేదు గానీ గడియారం అక్కడా నడుస్తోంది. ఇప్పటి టీవో పెట్టెలన్నీ ఏటీఎస్‌సీ 1.0 అనే పాత డిజిటల్ పద్ధతి ప్రసారాలనే పట్టగలవు; కొత్త ఏటీఎస్‌సీ 3.0 ట్యూనరు ఏంటెనా ఎడ్జ్‌లో కూడా లేదు. పెద్ద నగరాల్లో 2028 ఫిబ్రవరికి, మిగతా చోట్ల 2030 ఫిబ్రవరికి పాత ప్రసారాలు ఆపేసే విధంగా నిబంధన పెట్టమని ప్రసార సంస్థల సంఘం 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌సీసీని కోరింది. పాత ప్రసారం ఎప్పుడు ఆపాలో స్టేషన్లే నిర్ణయించుకునే వీలు కల్పించే ప్రతిపాదనను ఎఫ్‌సీసీ అదే ఏడాది అక్టోబరులో ముందుకు తెచ్చింది. గడువులు జరగడం మామూలే, 2009 నాటి మార్పు కూడా ఒకసారి వాయిదా పడింది. అయినా నాలుగో ఏడాదిలో గాని లాభం మొదలవని చందాకు ఇవాళ 249.99 కట్టేవారు, ఆ లాభం మొదలయ్యే నాటికే తమ ఊరి స్టేషన్లు పాత పద్ధతిలో ప్రసారం చేస్తాయో లేదో తెలియని స్థితిలో కడుతున్నట్టు. అందుకే, ఏంటెనా ఎడ్జ్ ఉండి ఏటా 69.99 కడుతున్నవారికి సంస్థ జీవితకాల చందాకు మారే అవకాశం ఇచ్చినా ఏడాది చందాతోనే కొనసాగమంటాను. ఏడాదికోసారి నిర్ణయం తీసుకునే స్వేచ్ఛకు ఇప్పుడు చాలా విలువ ఉంది.

ఎడిసన్ నుంచి ఫ్రిస్కో దాకా ఉన్న మన తెలుగు ఇళ్ళవారు ఈ లెక్కల్లోకి దిగే ముందు ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. తెలుగు చానెళ్ళు ఇక్కడ ఏంటెనా మీద రావు. శాటిలైట్ డిష్ మీదో, యప్ టీవీ వంటి ఇంటర్నెట్ సేవల్లోనో వస్తాయి. ఇప్పటి టీవో పెట్టె ఆ రెండింటి నుంచీ ఏదీ రికార్డు చేయలేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సాయంత్రం సీరియళ్ళు దాచిపెట్టి చూపిద్దామని ఈ పెట్టె కొంటే ఆ పని జరగదు. ఇంటర్నెట్ సేవల్లోనే వెనకటి రోజుల కార్యక్రమాలు చూసే సౌకర్యం ఉంటుంది, అది చాలు. పిల్లలకు పీబీఎస్ కార్యక్రమాలు, ఆదివారం ఫుట్‌బాల్, ఊరి వార్తలు, వాతావరణం, ఎన్నికల చర్చలు ఏంటెనా మీద చూసే అలవాటు ఇంట్లో నిజంగా ఉంటేనే ఈ పెట్టెకు చోటు. మన ఇళ్ళలో చాలావాటిలో ఏంటెనా అసలు ఉండదు. అటువంటివారు జీవితకాల చందా గురించి ఆలోచించేకంటే ముందు ఒక చవక ఏంటెనా తెచ్చి కిటికీకి తగిలించి, ఎన్ని చానెళ్ళు నిలకడగా వస్తున్నాయో కొన్నాళ్ళు గమనించడం మంచిది.

టీవోయే కావాలన్న పట్టుదల లేనివారికి ఇతర దారులు ఉన్నాయి. నాలుగో తరం టాబ్లో 2023లో దాదాపు 100 డాలర్లకు రెండు ట్యూనర్లతో, చందా అన్న మాటే లేకుండా వచ్చింది. టీవో అంత సొగసుగా నడవదు గానీ చేయవలసిన పని చేస్తుంది. కంప్యూటరు నిర్వహణ వచ్చినవారు ఏంటెనా చానెళ్ళను ఇంటి నెట్‌వర్కులోకి పంపే హెచ్‌డీహోమ్‌రన్ ట్యూనరు తీసుకుని ఏడాదికి 35 డాలర్ల పట్టికతో నడుపుకోవచ్చు. అలాంటి ట్యూనరుతో కంప్యూటరు మీద రికార్డు చేసుకోనిచ్చే ప్లెక్స్ సాఫ్ట్‌వేరు జీవితకాల చందా 2025 ఏప్రిల్ చివర్లో 119.99 నుంచి 249.99 డాలర్లకు పెరిగింది. అది పెట్టెకు కాక మన ఖాతాకు చెందుతుంది కాబట్టి యంత్రం మారినా చందా పోదు, టీవో చందా మీద దానికున్న పెద్ద మేలు అదే. ఇంటర్నెట్ మీద టీవీ చానెళ్ళు ఇచ్చే యూట్యూబ్ టీవీ వంటివి రికార్డింగుకు పరిమితి లేదంటాయి గానీ, దాచిన కార్యక్రమం తొమ్మిది నెలలకు చెరిగిపోతుంది, నెలకు 82.99 డాలర్లు కట్టడం ఆపిన రోజున మన దగ్గర ఏదీ మిగలదు.

ఇన్ని చెప్పిన తరువాత కూడా, జీవితకాల చందా ఎక్కి ఉన్న రోమియో ఓటీఏ పెట్టె తగిన ధరకు కనిపిస్తే తీసుకోమనే చెబుతాను. నాలుగు ట్యూనర్లు ఉన్న ఆ పెట్టెను 2016లో 1 టీబీ డిస్కుతో, జీవితకాల చందాను ధరలోనే కలిపి 399.99 డాలర్లకు అమ్మారు. ఇప్పుడు దానికి ఎంత పెట్టవచ్చన్నదానికి నా కొలమానం ఇది: ఏంటెనా పెట్టె రెండేళ్ళ చందా ఎంతో, అంటే సుమారు 140 డాలర్లు, అంతకు మించి పెట్టకూడదు. రెండేళ్ళు నడిచినా నష్టం ఉండదు, అంతకు మించి నడిచినదంతా లాభమే, డిస్కు పోతే మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు పెట్టె సేవా సంఖ్య అడగండి. మొదటి మూడు అంకెలు ఏ తరం పెట్టెయో చెబుతాయి. 846 అయితే మామూలు రోమియో లేదా రోమియో ఓటీఏ, 849 అయితే బోల్ట్. ఆ తరువాత, పెట్టెను టీవీకి కలిపి సిస్టమ్ సమాచారం తెరను ఫొటో తీసి పంపమని అమ్మేవారిని అడగండి. ఖాతా వివరం ఉన్న వరుసలో ప్రాడక్ట్ లైఫ్‌టైమ్ సర్వీస్ అని స్పష్టంగా కనిపించాలి; ఖాతా సక్రమంగా ఉంది అని మాత్రమే ఉంటే అది నెల చందానో ఏడాది చందానో అయ్యుంటుంది, చేతులు మారగానే ఆగిపోతుంది. చివరిసారి సర్వరుతో కలిసిన తేదీ కూడా అదే తెర మీద ఉంటుంది, అది ఇటీవలిదై ఉండాలి. అమ్మేవారు తమ ఖాతా నుంచి పెట్టెను విడుదల చేసి, మీ ఖాతాలోకి అది వచ్చిందని మీరు కళ్ళారా చూసేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఈబేలో కొంటే వెనక్కి పంపే గడువు లోపలే ఈ పని ముగించుకోండి.